సీసా మీది నాలుగో పంక్తి

నూట పద్దెనిమిదో సీసా గొంతు దగ్గర నూనె ఆగింది. గరాటు అంచున వేలాడుతున్న చుక్కని కూడా లోపలికి జారనిచ్చి, పుదీనా పెద్దమ్మ సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. ముదురు గోధుమరంగు గాజులో నూనె మట్టం సరిగ్గా మెడ కింద, గోరంత ఖాళీ వదిలి నిలిచింది. కొలగ్లాసు ఎదురుగానే ఉంది. దాన్ని ఆమె ముట్టుకుని ఇరవై ఏళ్లయింది.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. ముప్పై నాలుగేళ్లుగా పుదీనా నూనె తీసే ఈ చిన్న కార్ఖానాలో సీసాలు నింపుతోంది. ఆమె బస్సెక్కితే చూయింగ్ గమ్ ఎవరు నములుతున్నారా అని జనం చుట్టూ చూస్తారు. పొట్టి మనిషి. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. వేళ్ల చివర చర్మం పలచబడి నున్నగా మెరుస్తుంది. పుదీనా నూనె ముందు చల్లగా తగులుతుంది, తరవాత మండిస్తుంది. అందుకే పని దిగగానే చేతులకి కొబ్బరినూనె పట్టించుకుంటుంది.

గది ముందు భాగంలో అమ్మకం బల్ల. కొనేవాళ్లు వస్తే, ఎవరు అమ్ముతున్నా, చెప్పాల్సింది మాత్రం పెద్దమ్మే చెబుతుంది.

ఆ ఉదయం లారీ డ్రైవరొకడు తల పట్టుకుని వచ్చాడు.

"చెంచాడు కొబ్బరినూనెలో రెండు చుక్కలు వేసి కణతలకి రాయి నాయనా. కంటి దగ్గరికి పోనిచ్చావో, ఏడిపించి వదుల్తుంది."

"తాగితే కడుపుబ్బరం కూడా పోతుందటగా?"

"ఆ మాట డాక్టర్ని అడుగు. గుండెమంట ఉన్నవాళ్లకి ఇది ఇంకా ఎగదోస్తుంది. ప్రయాణంలో వికారంగా ఉంటే రుమాలు మీద ఒక్క చుక్క వేసుకుని వాసన చూడు, చాలు."

"అన్నీ తగ్గిస్తుందన్నారే!"

"తలనొప్పి తగ్గిస్తుంది బాబూ, తలరాత కాదు."

డ్రైవరు నవ్వుకుంటూ వెళ్లాడు. మూతలు బిగించే అక్క కూడా నవ్వింది, ఆ మాట వెయ్యిసార్లు విన్నా.

భోజనాల ముందు కొత్త లేబుళ్లు వచ్చాయి. కార్ఖానా పెట్టినాయన కూతురే ఇప్పటి యజమానురాలు. నలుగురిలో పెద్దమ్మ ఆమెని 'మేడం గారూ' అంటుంది, ఇద్దరే ఉన్నప్పుడు 'అమ్మలూ' అంటుంది. ఆమె లేబుళ్ల కట్ట విప్పి మురిపెంగా బల్ల మీద పరిచింది. పచ్చటి ఆకులు, బంగారు రంగు అంచు. మూడింటికి వ్యాను వస్తుంది, మూడువందల సీసాలు మందుల షాపులకి వెళ్లాలి.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. మళ్లీ చదివింది. పాత లేబులు మీద నాలుగు పంక్తులుండేవి. పేరు, దేనికి వాడాలి, ఎంత కలపాలి, ఎవరు వాడకూడదు. కొత్తదాని మీద మూడే ఉన్నాయి. నాలుగోదాని చోట 'ప్రకృతి సిద్ధం, అన్ని వయసులవారికీ' అని ఉంది.

లేబుల్ని బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇది నేను అంటించను మేడం గారూ."

"పెద్దమ్మా, వ్యాను వచ్చేస్తుంది. భయపెట్టే మాటలుంటే ఎవరు కొంటారు చెప్పు? ఆకులోంచి తీసిందేగా!"

"ఆకులోంచి తీసిందే. గంపెడాకు బట్టీలో మరిగితే చెంచాడు రాదు. అంత బలం ఒక్క చుక్కలో కూర్చుంటుంది."

"ఇన్నేళ్లలో ఎవరికైనా ఏమైనా అయిందా?"

పెద్దమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. మూతలక్క చేతులు ఆగిపోయాయి.

"అయింది. నా పిల్లకే అయింది" అంది పెద్దమ్మ. "నేను పనిలో చేరిన రెండో ఏడు. తొమ్మిది నెలల పిల్ల, జలుబుతో ముక్కు పట్టేసింది. నేను నింపే నూనే కదా, నాకు తెలియనిదా అనుకుని ముక్కు కింద ఒక్క చుక్క రాశాను. పిల్ల గుక్క పట్టింది, ఊపిరి మళ్లీ తీసుకోలేదు. పెదాలు నీలమైపోయాయి. ఎత్తుకుని పరిగెత్తాను. ఆస్పత్రి మెట్ల మీద కెవ్వుమంది. ఆ కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది అమ్మలూ."

నలుగురిలో 'అమ్మలూ' అన్నానని ఆమె గమనించలేదు.

"మర్నాడు వచ్చి మీ నాన్నగారికి చెప్పాను. ఆయన కేకలేస్తారనుకున్నా. కాగితం, కలం నా ముందు పెట్టి, 'ఏం రాయాలో నువ్వే చెప్పు' అన్నారు. ఆ నాలుగో పంక్తి నాది."

యజమానురాలు కుర్చీలో కూర్చుండిపోయింది. చిన్నప్పట్నుంచీ చదివిన పంక్తి అది. ఎవరు రాశారని ఎన్నడూ అడగలేదు.

"ఆ పిల్ల... ఈత నేర్పే అక్కేనా?"

"అదే. ఊపిరి బిగబట్టి కొలను ఈ చివర మునిగితే ఆ చివర తేలుతుంది నా కూతురు" అంటూ పెద్దమ్మ మెడ నిటారుగా చేసింది. "మన నూనె మంచిదని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. మంచిదే. చెడు ఎక్కడ చేస్తుందో కూడా చెప్పినప్పుడే మన మాట నమ్ముతారు."

యజమానురాలు లేచి వ్యాను డ్రైవరుకి ఫోన్ చేసింది, రేపు పొద్దున రమ్మని. తరవాత ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి తనే వెళ్లింది. ఆమె అచ్చు వేయించి తెచ్చిన సన్నటి తెల్ల చీటీల మీద పెద్దమ్మ చెప్పినట్టే ఉంది: 'తాగరాదు. కలపకుండా ఒంటికి రాయరాదు. పసిపిల్లల ముఖానికి, ఛాతీకి అసలే వద్దు.' కత్తిరించడం మూతలక్క వంతు. 'అన్ని వయసులవారికీ' అన్న మాట మీద ఆ చీటీని అంటించడం మిగతా ఇద్దరి వంతు. మేడం గారి చీటీలు మొదట్లో వంకరపోయాయి.

"మీ నాన్నగారికీ గీత తిన్నగా వచ్చేది కాదులెండి" అంది పెద్దమ్మ. ముగ్గురూ నవ్వారు.

అయిదింటికి మూడువందలూ అయ్యాయి. పెద్దమ్మ చివరి సీసా బొటనవేలితో తుడిచి, పెట్టెలో పెట్టి, మూత వేసింది.

"ఇప్పుడు ఎవరింటికైనా వెళ్లొచ్చు ఇవి" అంది. "కాస్త నడుం వాలుస్తానే అక్కా" అంటూ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది.

యజమానురాలు మూడు గ్లాసుల టీ పట్టుకొచ్చేసరికి ఆమె అలాగే ఉంది, చేతులు ఒళ్లో, ముఖం కిటికీ వైపు. పిలిస్తే పలకలేదు. వచ్చిన డాక్టరు గుండె ఆగిందన్నాడు, నొప్పి తెలిసి ఉండదన్నాడు.

కూతురు కొలను దగ్గర్నుంచి తడిజుట్టుతోనే వచ్చింది. తల్లి పాదాల దగ్గర చాలాసేపు కూర్చుంది. మధ్యాహ్నం జరిగింది యజమానురాలు చెబితే తలెత్తి చూసింది.

"అమ్మ నా సంగతి బయట ఎవరికీ చెప్పేది కాదు. ఇవాళ చెప్పిందా?"

"చెప్పింది. ఏడవలేదు. నీ ఈత గురించి చెప్పేటప్పుడు మాత్రం, చూడాల్సింది ఆమె ముఖం."

కూతురు కళ్లు తుడుచుకుని, పెట్టె తెరిచి ఒక సీసా తీసింది. నాలుగో పంక్తి చదివి, జాగ్రత్తగా మళ్లీ అక్కడే పెట్టింది.

మర్నాడు వ్యాను వేళకి వచ్చి పెట్టెలు తీసుకెళ్లింది. యజమానురాలు లోపలికి పోబోయి గుమ్మం దగ్గర ఆగింది. నింపే గదిలోకి ఎవరూ చెప్పులు వేసుకుని వెళ్లరు. మెట్టు పక్కన, గోడకి దగ్గరగా, నీలం పట్టీల రబ్బరు చెప్పుల జత ఒకటి ఉంది, ఎడమది మడమ దగ్గర కాగితమంత పలచగా అరిగి.