ఆరో డోసు తర్వాత

"పావుగంటే అన్నారుగా అత్తయ్యా! అరగంటైంది. నీళ్లు కొట్టేస్తే పిల్లకి స్నానం చేయిస్తా," అంది కోడలు ముక్కు మూసుకుని.

"నీకన్నీ తొందరే. మీ మామయ్య మూత్రంలో ఉన్నవి బతికున్న క్రిములు. బ్లీచింగుకి పూర్తిగా చావనీ," అంది అత్త, బాత్‌రూం తలుపుకి కాపలా కాస్తూ.

"మామయ్యగారి ఒంట్లో బతకాలి, మనింట్లో చావాలి! ఏం వైద్యమో!"

"ఈ ఇంట్లో నాకన్నా నా ఉచ్చకే మర్యాదెక్కువ," అన్నాడు మామగారు మంచం మీద నుంచి. ఆయన దర్జీ.

అది ఆరో డోసు, ఆఖరిది. పసిపిల్లలకు క్షయ రాకుండా వేసే టీకాలోని క్రిములనే ఆయన మూత్రాశయంలోకి సన్నటి గొట్టంతో ఎక్కించారు. వాటి మీదికి లేచిన, రోగాలతో పోరాడే ఒంటి బలగం పనిలో పనిగా అక్కడి కాన్సర్‌నీ తుడిచిపెడుతుందని డాక్టరమ్మ ఆశ పెట్టింది.

డోసు పడ్డ ప్రతిసారీ ఆయనకు జ్వరం, మంట. కుట్టుమిషను ముందు కూర్చోలేక విలవిల్లాడేవాడు. చూడలేక అత్తగారు, నిరుడు తన మూత్రం ఇన్ఫెక్షన్‌కి రాసిచ్చిన బిళ్లలు మిగిలుంటే, జ్వరం బిళ్లలని చెప్పి పూటకొకటి వేసింది. అయిపోతే అదే చీటీ మీద మళ్లీ తెచ్చింది. ఆయన కాస్త తెరిపిన పడి మిషనెక్కితే తన తెలివికి తనే మురిసిపోయింది.

ఆరు వారాల తర్వాత కెమెరాతో లోపల చూసి, ముక్క తీసి పరీక్షకు పంపారు. కాన్సర్ కండలోకి దిగింది. మూత్రాశయం మొత్తం తీసెయ్యాలి. ఆయన గుండె ఆ ఆపరేషన్‌కి తట్టుకోదు.

"మధ్యలో వేరే మందులేమైనా వాడారా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆయన లేదన్నాడు. పక్కనున్న భార్య తన చేతిసంచిలోంచి బిళ్లల అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ అట్ట వెనక పేరు చదివింది. "ఇవి క్రిముల్ని చంపే బిళ్లలమ్మా. మేం ఎక్కించినవీ క్రిములే."

"అయితే నా వల్లేనా?"

"అవుననీ అనలేను, కాదనీ అనలేను."

బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేదనుకుంది ఆవిడ.

ఇంటికి రాగానే కొడుకూ కోడలూ చుట్టూ చేరారు. "ఏమన్నారు నాన్నా?"

ఆవిడ చెప్పబోయింది.

ఆయన చెప్పులు విప్పి కుర్చీలో కూర్చున్నాడు. "ఆ మందు నా ఒంటికి పట్టలేదురా. కొందరికంతేనట. మీ అమ్మని ఎవరూ ఏమీ అడగొద్దు," అన్నాడు మెల్లగా. "కుట్టగలిగినన్నాళ్లు కుడతా. ఇక నేను ఆస్పత్రికి వెళ్లను."