న్యూట్రినో కోడలు

కోడలి బ్యాగులో చుడీదార్లు మడిచి పెడుతున్న మునిరత్నమ్మకు చేతులు ఆడడం లేదు. చింతామణి నుంచి బెంగళూరు ఎంత దూరమని? పొద్దున పోయినవాళ్ళు సాయంత్రానికి వచ్చేస్తున్నారు. అయినా సర్దిన సంచీ కనిపిస్తే చాలు, పోయేవాళ్ళు ఇక రారేమో అనిపిస్తుంది ఆమెకు. చెల్లెలు ప్రేమ ఇలాగే "పండక్కొస్తా అక్కా" అని శిడ్లఘట్టకు కాపురానికి పోయింది. పట్టుగూళ్ళ పనిలో పడి పండగలే మరిచిపోయింది. ఎవరు పోయినా వాకిట్లో నిలబడి చెయ్యి ఊపడం మునిరత్నమ్మ వంతు. అందుకే ఇప్పుడు ఊరుబిండి పచ్చడి డబ్బా, జ్వరం మాత్రలు, టార్చిలైటు, అవి చాలవన్నట్టు ఒక గొడుగు కూడా కుక్కింది.

"అత్తా, నేను పోయేది బెంగళూరుకు, అడివికి కాదు," అంది నమ్రత.

ఈ పిల్ల చదివిన చదువుకు ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. పెళ్ళినాటికి న్యూట్రినోల మీద పరిశోధన చేసేది. ఎరువుల అంగడి నడిపే మామ బైరప్ప దాన్ని చిత్తూరు న్యూట్రిన్ చాక్లెట్లుగా అర్థం చేసుకుని, కెంచార్లహళ్ళి బంధువులందరికీ అదే చెప్పాడు. పెళ్ళికొచ్చిన పిల్లలంతా పెళ్ళికూతురి చుట్టూ చేతులు చాపి నిలబడ్డారు. పొట్లాల కాగితాలు చూసి తనంతట తానే చదవడం నేర్చుకున్న మునిరత్నమ్మ ఒక్కతే అదేమిటని అడిగింది.

"సూర్యుడి నుంచి వస్తాయి అత్తా. కోట్లకు కోట్లు మన ఒంట్లోంచి పోతానే ఉంటాయి. దేనికీ తగలవు, ఎవరికీ తెలీదు. ఎప్పుడో ఒకటి తగిలితే చిన్న మెరుపు. దానికోసం కాపలా కాసేదే నా పని."

"అట్లయితే మీ మామకు నేను చెప్పే మాటలూ ఆ జాతివే," అంది మునిరత్నమ్మ.

ఆ కాపలా కోసం కొండ కింద కట్టాల్సిన ప్రయోగశాల ఏళ్ళ తరబడి కాగితాల మీదే ఉండిపోయింది. ఒక్క మెరుపు కోసం కొండంత లెక్కలను కంప్యూటరుతో జల్లెడ పట్టడం నేర్చిన నమ్రతను ఒక కంపెనీ బిగ్ డేటా పనికి తీసుకుంది. ఎవరు ఏం కొంటారో, ఏ లారీ ఎక్కడ ఆగుతుందో ఆ జల్లెడలోంచే చెప్పాలట. ఇది బైరప్పకు వెంటనే అర్థమైంది. "మా కోడలిది పెద్ద డేటా" అని వీధంతా చెప్పాడు. రీచార్జి అయిపోయినవాళ్ళంతా ఫోన్లు పట్టుకుని వాకిట్లోకి వచ్చారు.

"ఆ మెరుపు పోయిందని బాధ ఉండాదా?" అని అడిగింది ఒకనాడు మునిరత్నమ్మ.

"ఉండాది అత్తా. జల్లెడన్నా మిగిలింది కదా."

ఇంటి నుంచే పని అనగానే కొడుకు కిశోర్ సంబరపడ్డాడు. "ఎట్లాగూ ఇంట్లోనే కూర్చుంటావు, కుక్కరు చూసుకుంటే పోతుంది" అన్నాడు. మీటింగు మధ్యలో విజిల్ వేస్తే, అవతలివాళ్ళు ఏదో ప్రమాదం అనుకుని లేచి నిలబడ్డారట.

ఇప్పుడు కంపెనీ అందరినీ ఆఫీసుకే రమ్మంది. సోమవారం చేరకపోతే ఉద్యోగం లేదు. వారమంతా పీజీ హాస్టల్లో ఉండి శుక్రవారం సాయంత్రాలు వస్తానంది నమ్రత.

కిశోర్ గుమ్మంలోకి వచ్చాడు. "రాజీనామా ఇచ్చేయి. కొండ పోతే డేటాకొచ్చినావు. డేటా పోతే ఇంకోటి చూసుకుందువులే."

"ఇంకోటంటే?"

"ఇంట్లో ఉండి చేసేదేదో."

జిప్పు లాగుతున్న నమ్రత చెయ్యి ఆగిపోయింది. మునిరత్నమ్మకు అది చూసి భయమేసింది. ఈ పిల్ల ఒకసారి వదులుకుంది. ఇంకోసారి వదులుకుంటే, ఆ తర్వాత వదులుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

"పోనీలేరా," అన్నాడు బైరప్ప పేపరు మడుస్తూ, ధర్మప్రభువులాగా. "ఆ పాప పోతే మనకేం తక్కువ? మీ అమ్మ ఉండాది గదా. రాగిముద్ద ఆగదు, పితికిపప్పు కూర ఆగదు. ఆమె యాడికి పోతుంది?"

కిశోర్ ముఖం తేటపడింది. "అదీ నిజమే నాయినా. అయితే పో నమ్రతా."

సమస్య తీరిపోయింది. మునిరత్నమ్మ మాత్రం ఆ మాట దగ్గరే నిలిచిపోయింది. యాడికి పోతుంది. అవును, ఇన్నేళ్ళూ అందరూ పోగలిగింది ఆమె పోదనే ధైర్యంతోనే. వాకిట్లో నిలబడి బెంగపడడమే ప్రేమించడం అనుకుంది తను. వీళ్ళు ఆమెను గోడ అనుకున్నారు.

లోపలికి పోయి తన చీరలు రెండు తెచ్చింది. గొడుగు తీసేసి ఆ చోట్లో పెట్టింది.

"ఇదేందే?" అన్నాడు బైరప్ప.

"పీజీలో ఈ పిల్ల ఏం తింటాది? చిన్న రూము తీసుకుంటాం. నేనూ పోతాండా."

"అనపగింజలు నానబెట్టినావు గదే?"

"నానినాయి. పితకండి."

"ఎట్ల?"

"రెండు వేళ్ళతో నొక్కితే పొట్టులోంచి పప్పు ఎగురుతుంది. మొదట్లో కంట్లో పడతాది. పోను పోను గిన్నెలో పడతాది."

"ఎన్నాళ్ళు పోతావు?"

"చూస్తాం."

తండ్రీకొడుకులు వాకిట్లో నిలబడ్డారు. బైరప్ప ఎవరికీ ఎప్పుడూ చెయ్యి ఊపి ఎరగడు. ఈగలు తోలుతున్నట్టు ఊపాడు.

నమ్రత చెప్పినట్టే ప్రతి శుక్రవారం చింతామణికి వస్తోంది, ఆదివారం పోతోంది. మునిరత్నమ్మ కిందటి ఏడు మాఘమాసంలో, ఆ ఆదివారం మధ్యాహ్నం కోడలితో బస్సెక్కింది. బెంగళూరు నుంచి ఇంకా తిరిగి రాలేదు.