ఓదెమ్మ వేలిముద్ర, మంత్రిగారి సంతకం

సంతకం చేయడం వచ్చినవాళ్లు నా వంక చూడను కూడా చూడరు. రానివాళ్లకు నేను లేనిదే కోర్టులో పని జరగదు. నేను ఒక ఇంకు ప్యాడ్‌ని. అరచేతిలో ఇమిడే రేకు డబ్బా, అందులో స్పాంజి, దాని మీద బిగించిన గుడ్డ, ఊదారంగు సిరా. ఇంతే నా సొంపు. నాతోపాటు తయారైనవి చాలామటుకు బ్యాంకులకూ రేషన్ షాపులకూ వెళ్లి, నెలకోసారి పని చేసి మిగతా రోజులు హాయిగా నిద్రపోయాయి. నేను మాత్రం కరీంనగర్ కోర్టు ఎదురుగా ఉన్న కాగితాల కొట్లో తేలాను.

నన్ను కొన్నాయన పేరు గజ్జెల విశ్వంభరం. కొత్త వకీలు. అప్పటికి ఆయన గదిలో కుర్చీ కూడా పక్క వకీలు దగ్గర అడిగి తెచ్చుకున్నదే. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు వేరేరకం జనం. గ్రానైటు క్వారీ కూలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, పోలీసులు పట్టుకుపోయిన కొడుకు ఏ స్టేషన్లో ఉన్నాడో తెలియని తల్లులు. వాళ్లలో నూటికి తొంభైమందికి నాతోనే పని.

మనుషులు నన్ను ముట్టుకున్నాక చేసే మొదటి పని, వేలు ఎక్కడ తుడవాలా అని చుట్టూ చూడటం. గోడకు రాస్తారు, తలుపుకు రాస్తారు, ఏదీ దొరక్కపోతే జుట్టుకు రాసుకుంటారు. విశ్వంభరం గది గోడ ఇలాగే ఊదారంగుకు తిరిగింది. దాంతో ఆయన కొబ్బరినూనెలో తడిపిన గుడ్డ ఒకటి పక్కన పెట్టుకుని, తానే వాళ్ల వేళ్లు తుడిచేవారు. ఇది గుమాస్తా పని కదా అని తోటి వకీళ్లు నవ్వేవారు.

ఆయనకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. పిటిషన్ ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చదివి వినిపించేవారు. తర్వాత కాగితం పక్కన పెట్టి, "ఇప్పుడు నువ్వు చెప్పు, ఎవరి మీద కేసు వేస్తున్నవ్?" అని అడిగేవారు. "ఎస్సై మీద" అంటే ఒప్పుకునేవారు కాదు. మళ్లీ చదివేవారు. "సర్కారు మీద" అని వాళ్ల నోటితో వచ్చేదాకా బొటనవేలు నా మీదికి దిగేది కాదు. ముద్ర పడ్డాక కింద తన చేత్తో ఒక వాక్యం రాసేవారు: 'చదివి వినిపించాను, అర్థమైందని చెప్పిన తర్వాత నా ఎదుట వేసిన వేలిముద్ర.' పక్కన సంతకం. ఒక్కొక్కరికి గంట పట్టేది. బయట వరసలో ఉన్నవాళ్లు విసుక్కునేవారు. నా సిరా ఆరిపోయేది. అయినా నిజం చెప్పాలంటే, ఆ గదిలో నేను చాలా గర్వంగా బతికాను.

ఓదెమ్మ నాకు తెలిసింది అప్పుడే. ఆమె భర్తను ఒకసారి పోలీసులు పట్టుకుపోతే విశ్వంభరం కోర్టుకెళ్లి విడిపించారు. ఆ రోజుల్లో ఏ అధికారైనా ఫోన్లో "మా దగ్గర లేడండీ" అంటే, "సరే, లేడని రాసివ్వండి" అనేవారు. ఎవరూ రాసిచ్చేవారు కాదు. మనిషి బయటికి వచ్చేవాడు.

ఇలా పేరు వచ్చింది. పేరు వెంట పార్టీ వచ్చింది, టికెట్టు వచ్చింది. కొన్నేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న జూనియర్ రజియా, "మీరు పోతే ఈళ్లకు ఎవరు సార్?" అని అడిగింది. "బయటనుంచి తలుపు కొట్టీ కొట్టీ చేతులు నొచ్చినయమ్మా. లోపలికి పోయి నేనే తీస్త" అన్నారాయన. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. అన్నప్పుడు ఆయన చెయ్యి నా మీదే ఉంది కాబట్టి నాకు తెలుసు.

గెలిచారు. న్యాయశాఖ మంత్రి అయ్యారు. నన్ను హైదరాబాదులోని మంత్రి బంగళాకు తీసుకెళ్లి, ముందు హాల్లో అద్దాల బీరువాలో శాలువాల పక్కన, జ్ఞాపికల మధ్య పెట్టారు. విలేకరులు వస్తే తీసి చూపించేవారు. "ఎంతమంది తల్లుల వేళ్లు దీని మీద పడ్డయో" అనేవారు. వాళ్లు ఫొటో తీసుకునేవారు. నాలో సిరా పూర్తిగా ఎండిపోయిందని ఎవరూ గమనించలేదు.

రెండేళ్లు గడిచాక ఒక పొద్దున, సందర్శకుల వరసలో ఓదెమ్మ కనిపించింది. మంత్రిగారు గుర్తుపట్టి, పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. క్వారీల్లో సమ్మె చేయించాడని ఆమె కొడుకు సారయ్యను బస్టాండులో పట్టుకుని జీపులో తీసుకుపోయారట. నాలుగు రోజులైందట. ఆయన వెంటనే జిల్లా పోలీసు అధికారికి ఫోన్ చేశారు. విని, పెట్టేశారు.

"మన దగ్గర లేడట అక్కా. ఇంకెక్కడికన్న పోయిండేమో. వస్తడులే. చాయ్ తాగి పో" అన్నారు.

నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. రాసివ్వమని ఆయన అడగలేదు. ఓదెమ్మ చాయ్ ముట్టకుండా లేచింది.

సారయ్యను పట్టుకుపోయిన తొమ్మిదో రోజున మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో టైపు చేసిన పిటిషన్ ఉంది.

"ఇది రజియమ్మ రాసింది సారు. ఏలిముద్ర ఏయమన్నది. నువ్వు సదివి చెప్పకుంట నేనెన్నడన్న ఏలేసిన్నా? అందుకే పట్కొచ్చిన. నువ్వు సదువు, ఏస్త" అంది.

పక్కనున్న పీఏ గడియారం చూసుకున్నాడు. తన సర్కారు మీద వేసే పిటిషన్ను మంత్రే చదివి వినిపించాలని అడగడానికి ఒక మనిషి వంద మైళ్లు ప్రయాణం చేసి రావడం అతను తన ఉద్యోగంలో ఎన్నడూ చూసి ఉండడు. "సార్, మీకు క్యాబినెట్ మీటింగుంది" అన్నాడు. మంత్రిగారు అప్పటికే కళ్లజోడు పెట్టుకున్నారు.

చదివారు. మొదటి పేజీలో గొంతు మంత్రిగారిదే. రెండో పేజీకి వచ్చేసరికి నాకు తెలిసిన పాత గొంతు వచ్చింది. అంతా అయ్యాక కాగితం పక్కన పెట్టి, "ఇప్పుడు నువ్వు చెప్పు, ఎవరి మీద కేసు వేస్తున్నవ్?" అన్నారు. అన్నాక ఆయనకే అర్థమైనట్టుంది. ముఖం దించుకున్నారు.

"నీ సర్కారు మీదనే సారు" అంది ఓదెమ్మ. ఆ మాటలో కోపం లేదు. అడిగినందుకు జవాబు చెప్పింది.

ఆయన లేచి బీరువా తెరిచి నన్ను తీశారు. గ్లాసులోంచి నాలుగు చుక్కలు నీళ్లు పోసి గుడ్డను తడిపారు. ఆమె బొటనవేలు పట్టుకుని నా మీద అద్ది, కాగితం మీద పెట్టించారు. నూనెగుడ్డ లేదు కాబట్టి తన కండువాతో తుడిచారు. కింద ఆ పాత వాక్యం రాసి సంతకం చేశారు. అలవాటు కొద్దీ చేశారో, తెలిసి చేశారో నేను చెప్పలేను. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. "ఇది రజియాకియ్యి. ఇక్కడ దీనికి పని లేదు" అని నన్ను కూడా ఓదెమ్మ కొంగులో పెట్టారు.

మూడు రోజుల తర్వాత హైకోర్టులో కేసు పిలిచారు. రజియా సంచిలో నేనున్నాను. ప్రభుత్వ వకీలు లేచి, మంత్రిగారు పంపిన లేఖ అంటూ ఒకటి చదివాడు. ఆ రోజు ఇంట్లో జనం ఎక్కువగా ఉన్నారట. ఆ కాగితంలో ఏముందో తాను చదవలేదట, ఎవరికీ వినిపించలేదట, పొరపాటున సంతకం పెట్టారట. కాబట్టి ఈ ముసలామెకు పిటిషన్లో ఏముందో తెలియదు, ఎవరో వెనక ఉండి ఆడిస్తున్నారు, కొట్టివేయండి అని వాదించాడు.

నేను ఆయన చేతుల్లో ఎన్నేళ్లున్నానో గుర్తొచ్చి సిగ్గేసింది. రజియా చెయ్యి సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది.

జడ్జిగారు ఓదెమ్మను ముందుకు రమ్మన్నారు. "అమ్మా, ఈ కాగితంలో ఏముందో మీకు తెలుసా?"

"తెలుసయ్యా. నా కొడుకు సారయ్యను మంగళారం పొద్దుగాల బస్టాండుల జీపెక్కిచ్చుకున్నరు. క్వారీల సమ్మె చేపిచ్చిండని. పన్నెండు దినాలాయె. అడిగితె మా కాడ లేడంటున్నరు. యాడ వెట్టిండ్రో సర్కారు తెచ్చి సూపియ్యాలె. గిదే ఉన్నది."

"మీకిది ఎవరు చదివి చెప్పారు? మంత్రిగారు చదవలేదంటున్నారే."

ఓదెమ్మ ప్రభుత్వ వకీలు చేతిలోని లేఖ వైపు చూసింది.

"నిజమేనయ్యా. మంత్రి సదవలే. నాకు సదివి చెప్పింది మా వకీలు విశ్వంభరం సారు" అంది.

జడ్జిగారు కలం తీసుకున్నారు. మర్నాడు పదిన్నరకల్లా మనిషిని కోర్టులో హాజరుపరచాలని ఉత్తర్వు రాశారు.

లేని మనిషి పదింటికే వచ్చాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు చెరో పక్కన పట్టుకుని నడిపించారు, సొంతంగా నిలబడే స్థితిలో లేడు మరి. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఓదెమ్మ ఏడవలేదు, కొడుకు ముఖాన్ని రెండు చేతులతో తడిమింది. కోర్టు ఉద్యోగి ఒకాయన ముందే అచ్చువేసి ఉంచిన రసీదు తెచ్చి, పేరు పూరించి, వేలిముద్ర వేయమన్నాడు. రజియా నన్ను తెరిచింది.

"సదువు బిడ్డా" అంది ఓదెమ్మ.

"నా కొడుకు సారయ్యను క్షేమంగా అప్పగించుకున్నాను" అని చదివింది రజియా.

నాకు ఆనుతుందనుకున్న వేలు మధ్యలోనే ఆగిపోయింది. "క్షేమంగా అని ఉన్నదా?"

"ఉన్నదవ్వా."

"అది కొట్టెయ్యమను. అప్పుడేస్త."

అచ్చులో ఉన్నది కొట్టకూడదమ్మా అన్నాడు ఉద్యోగి. ఇది మామూలు రసీదే అన్నాడు. అందరూ వేస్తారు అన్నాడు. ఓదెమ్మ వేలు వెనక్కి తీసుకుని కొంగులో పెట్టుకుంది. ఆయన లోపలికి వెళ్లి అడిగి వచ్చాడు. చివరికి ఆ మాట మీద అడ్డంగా గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. అప్పుడు ఓదెమ్మ వేలు నా మీద పడింది. అంత బరువుగా నా మీద ఎవరూ ఎప్పుడూ నొక్కలేదు.

విశ్వంభరం గారి మంత్రి పదవికి ఏమీ కాలేదు. ఆ లేఖ పైవాళ్లకు బాగా నచ్చిందని విన్నాను. నేను ఇప్పుడు రజియా బల్ల సొరుగులో ఉన్నాను, రోజూ పని ఉంటోంది. ఆ రసీదు నకలు, కొట్టివేతతో సహా, పద్ధతి ప్రకారం న్యాయశాఖకు వెళ్లింది. ఆయన బల్ల మీదికి వచ్చే ఉంటుంది, చూసి సంతకం పెట్టి పంపించే ఉంటారు. చదివే పెట్టి ఉంటారు కూడా. చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.