బూజు ద్రాక్ష

నేను ఒక ద్రాక్ష కత్తెరను. ఫ్రాన్సులో లువార్ నది లోయలో, ఆ నదిలో కలిసే లేయోన్ అనే చిన్న ఏటి గట్టున నా కాపురం. కొలిమిలో పుట్టి తోట యజమాని అర్మాన్ చేతికి వచ్చాను. ఆయన పోయాక కూతురు సొలాంజ్ జేబులో చేరాను.

మా కొండవాలులో మట్టి తక్కువ, పలకరాళ్లు ఎక్కువ. ఎండను మింగి సాయంత్రం దాకా వెచ్చగా ఉంటాయి. కోతల కాలంలో పొద్దున్నే ఏటి మీద పొగమంచు, మధ్యాహ్నం ఎండ. ఈ రెంటి మధ్య ద్రాక్షకు బూజు పట్టి, పండు ముడుచుకుని, రసం తేనెలా చిక్కబడుతుంది. మా తీపి వైన్ దాంతోనే. రొట్టెకు బూజు పడితే పారేసే మనుషులు ద్రాక్షకు పడితే నెత్తిన పెట్టుకుంటారు! బూజు గుత్తులే కోసి, మిగతావి తర్వాతి కోతకు వదులుతారు.

ఆ ఏడు ఇరుగుపొరుగు కోతలు ముగించినా సొలాంజ్ ఆగింది. తీరా బూజు బాగా పట్టిన రోజే పడమట మబ్బు కమ్మింది. వాన తగిలితే తీపంతా నీళ్లపాలు, ఏడాది కష్టం పోయినట్టే.

"పై వరుసలు మొదలుపెట్టమ్మా, బుట్టలు తెస్తాను" అని నన్ను కొత్త కోడలు మాయెల్ చేతిలో పెట్టి పరుగెత్తింది. ఏవి కొయ్యాలో చెప్పాలని తోచనేలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకుంది.

మాయెల్ నార్మండీ ఆపిల్ తోటల పిల్ల. అక్కడ కుళ్లిన కాయను పక్కవాటికి అంటకుండా తీసి పారేస్తారు. ఇక్కడా అదే చేసింది. బూజు గుత్తులు టపటపా రాలుతున్నాయి. వద్దని అరవాలనిపించింది. ఇనుముకు నోరెక్కడిది?

సొలాంజ్ బుట్టలతో వచ్చి కొయ్యబారిపోయింది.

"కుళ్లినవన్నీ తీసేశానత్తయ్యా" అంది మాయెల్ గర్వంగా.

"అయ్యో, ఆ కుళ్లిందే మన వైన్ తల్లీ!"

మాయెల్ చేతిలోంచి జారి రాళ్ల మీద పడ్డాను. రాళ్లు పొడిగా ఉన్నాయి. పక్కనున్న గుత్తులకు మట్టి అంటనేలేదు. సొలాంజ్ ఒక గుత్తి ఎత్తి, ఊది, తిప్పి చూసింది.

"ఏరు! చినుకు పడేలోగా ఏరు!"

ఇద్దరూ మోకాళ్ల మీద పాకారు. చర్మం చీరుకుపోయినా ఆగలేదు. ఉరుములు దగ్గరవుతుంటే నా గుండె, ఉంటే, ఆగిపోయేదే. చివరి బుట్ట గడప దాటుతుండగా వాన దిగింది. అన్నీ ఏరారు, నన్ను తప్ప.

చలికాలమంతా తడిశాను. మళ్లీ చిగుళ్లు వేసేటప్పుడు మాయెల్‌కు దొరికాను. అప్పటికి బిగుసుకుపోయి తెరుచుకోని తుప్పుముద్దను.

"పనికిరాదు, పారెయ్" అంది సొలాంజ్.

"వద్దత్తయ్యా" అంది మాయెల్. "చూడగానే పారేసే అలవాటు మానుకున్నాను."

ఇప్పుడు ఆ ఏడాది వైన్ పీపా పైన మేకుకు వేలాడుతున్నాను.