దిద్దుబాటు లేని పాటలు

గోవిందమ్మ పాటలు చూలై పేటలో ఉన్న మా ప్రెస్సు కంప్యూటర్లో ఉండినాయి. ఇంకెక్కడా లేవు.

గోవిందమ్మ నా భార్య. వయసులో ఉన్నప్పుడు సున్నం దంచే పనికి పొయ్యేది. రోలు చుట్టూ ఆడవాళ్ళు నిలబడి రోకలి ఎత్తేటప్పుడు ఒకరు పాడితే, దించేటప్పుడు అందరూ అందుకునేవాళ్ళు. సిమెంటు వచ్చి ఆ పని పోయింది. పాటలు ఆమె దగ్గర ఉండిపోయినాయి. ఇంట్లో పాడేది కాదు. మాకు ఒక పిల్ల పుట్టి పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో మాట కూడా తక్కువే.

ఆ పాటల్ని అడిగి రాసుకునింది లూర్దుమేరి టీచరమ్మ. వాషర్‌మెన్‌పేటలో తెలుగు బడిలో చెప్పి రిటైరైన మనిషి. మన పక్క పనిచేసే ఆడవాళ్ళ పాటలన్నీ పుస్తకం వెయ్యాలని తిరువొత్తియూరు దాకా గుడిసె గుడిసెకూ తిరిగింది. టేపు లేదు. వాళ్ళు పాడుతుంటే కాగితం మీద రాసుకునేది. పాడినవాళ్ళలో కొందరు పుస్తకం చూడకుండానే పోయినారు. గోవిందమ్మ ఆడి మాసంలో జ్వరం వచ్చి పోయింది.

నేను ఓనరు వెంకట్రామ్ నాయన కాలంనుంచి ఆ ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చినవాణ్ణి. వెంకట్రామ్ సీసం అమ్మేసి కంప్యూటరు కొన్నాడు. నన్ను మాత్రం ఉండమన్నాడు. ప్రూఫులు తీసకపోవడం, కాగితం కొనుక్కరావడం, టీ తేవడం నా పని. టైపు చేసేది వాసంతి. ఒక్కొక్క ఆడమనిషి పాటలు ఒక్కొక్క ఫైలుగా, పేరు పెట్టి ఎక్కించింది.

ఎక్కించిందంతా ఆ పిల్ల ఫ్లాపీలకు ఎత్తి పెట్టేది. అప్పటి ఫ్లాపీ చేతివెడల్పు నల్లటి అట్టబిళ్ళ. మధ్యలో పొడుగాటి సందు ఒకటి, దాంట్లోంచి లోపలి గోధుమరంగు రేకు కనపడేది. రెండు పెట్టెలు ఎందుకమ్మా అని ఒకరోజు అడిగాను.

"పెద్ద పెట్టె ఫుల్ బ్యాకప్పు తాతా. అన్ని ఫైళ్ళూ దాంట్లో ఉంటాయి. అది చిత్తిరై నెలలో తీసినా. ఆ తర్వాత ఏ ఫైలు మారితే ఆ ఫైలు మాత్రం చిన్న పెట్టెలోకి."

"మారనిది?"

"మారంది మళ్ళీ ఎందుకు ఎత్తేది? పెద్ద పెట్టెలో ఉంది గదా."

నాకు అర్థమయింది. మారేవి ఎందుకు మారతాయంటే, టీచరమ్మ ప్రూఫులు పట్టుకొని మళ్ళీ ఆ ఆడవాళ్ళ దగ్గరికే పోయి చదివి వినిపించేది. తప్పుంటే వాళ్ళు చెప్పాల. తిరువొత్తియూరు అమ్మాసి అయితే ప్రతిసారీ కొట్లాటే. "నేను పాడిందేంది, నువ్వు రాసుకొచ్చిందేంది? బడిలో పిల్లోళ్ళకు ఇట్లానే చెప్పినావా టీచరమ్మా?" అని. ఆమె ఫైలు ఎన్నిసార్లు దిద్దిందో వాసంతికే లెక్క తెలీదు. మా ఇంటికి వచ్చి చదివినప్పుడు నేను పక్కనే ఉన్నాను. గోవిందమ్మ తల వంచుకొని చివరిదాకా వినింది. "అంతే. సరిగా ఉంది" అనింది. ఒక్క మాట మార్చలేదు. నా భార్య పాటలో తప్పు లేదని నాకు లోపల గర్వంగా ఉండింది.

ఆయుధపూజకు ముందు ప్రెస్సంతా కడిగినాము. వెంకట్రామ్ తల్లి వాసవాంబ ప్రతి ఏడూ వచ్చి దగ్గరుండి చేయిస్తుంది. పనిముట్టు ఏదైనా సరే శుభ్రం చేసి, చందనం కుంకుమ పెట్టకపోతే ఆమెకు పండగ కాదు. పాత కాగితాలన్నీ మూటలు కట్టించి పాతపేపరు అంగడికి పంపేసింది. అది మా ప్రెస్సులో ఎప్పుడూ ఉన్న అలవాటే. టైపు అయిన కాగితం మళ్ళీ దాచం. టీచరమ్మ చేత్తో రాసినవీ, దిద్దిన ప్రూఫులూ ఆ మూటల్లోనే పోయినాయి.

బీరువాలో ఇంకొక పెట్టె ఉండింది. టైపు పని ముగిసేముందు తీసిన పాత ఫుల్. వెంకట్రామ్ దాన్ని చూసినాడు.

"వాసంతీ, కొత్తది ఉంది గదా, ఇదెందుకు? తుడిచేయ్. వేరే పనికి అవుతాయి."

"ఉండనీండి సార్. కొత్తది ఒకసారి తెరిచి చూసి, ఆ తర్వాత తుడుస్తా."

"పండగ ముందర పాతది ఇంట్లో పెట్టుకుంటారా ఎవరైనా? తుడువమ్మా."

తుడిచింది.

పూజ రోజు నేను గుమ్మానికి మావిడాకులు కడతా ఉన్నాను. లోపల వాసవాంబ కంప్యూటరుకు పూలు చుట్టి, చందనం గిన్నె పట్టుకొని నిలబడి వాసంతిని అడిగింది.

"వీటిల్లో పెద్దది ఏదే?"

"ఈ పెద్ద పెట్టే అమ్మా. మన పనికి ప్రాణం ఇదే."

"అట్లయితే దీనికే మొదట."

అంతవరకే నేను విన్నది. తక్కినది తర్వాత తెలిసింది. వాసంతి పూజకు పళ్ళు కడగను పోయింది. వాసవాంబ పెట్టె మూత తీసి, ఒక్కొక్క ఫ్లాపీ బయటికి తీసి, ఆ సందులో కనపడే గోధుమరంగు రేకు మీద చందనం పూసి, మధ్యలో కుంకుమ పెట్టింది. అన్నిటికీ పెట్టింది. పెద్దదానికి మొదట పెట్టాల, నుదుట పెట్టాల. నల్లటి అట్టలో నుదురు మాదిరి ఉన్నది అదొక్కటే. చిన్న పెట్టె వంతు వచ్చేసరికి కొబ్బరికాయ కొట్టే వేళయింది. దాన్ని వదిలేసి, అన్నీ సర్ది మూత పెట్టేసింది.

పూజ రోజు పనిముట్లు కదిలించకూడదు. మరుసటి రోజు విజయదశమి. పొద్దున వాసంతి కర్పూరం చూపించి కంప్యూటరు ఆన్ చేసింది. లోపల కరకరమని రెండుసార్లు అరిచి నిలిచిపోయింది. మెకానిక్ వచ్చి విప్పి చూసి, "హార్డ్ డిస్కు పోయింది. దీంట్లోది ఇంక రాదు" అన్నాడు.

"పరవాలేదు" అన్నాడు వెంకట్రామ్. "కొత్త డిస్కు వేయించి పెద్ద పెట్టెలోంచి దించుదాం."

కొత్త డిస్కు వేసినారు. వాసంతి పెద్ద పెట్టె మూత తెరిచింది. చందనం ఎండి పెచ్చులయి ఉంది. ఆ పిల్ల దూది తడిపి తుడిచింది. తుడిచేకొద్దీ కుంకుమ లోపలికి పాకింది. ఒకటి పెట్టి చూస్తే కంప్యూటరు గీరుకుంది. చదవలేదు. ఇంకొకటి. అదీ చదవలేదు.

వెంకట్రామ్ తల్లి వైపు తిరిగినాడు. "అమ్మా, దీనికా పెట్టేది బొట్టు?"

"దేవుడికి పెట్టినట్టు పెట్టినానురా." ఆమె గొంతు చిన్నదైంది. "ప్రాణం ఇదే అనింది గదా ఆ పిల్ల."

వెంకట్రామ్ పెట్టె మూత పెట్టేసినాడు. పాతది తుడవమన్నది తానే.

నేను పాతపేపరు అంగడికి పోయినాను. మూటలు మిల్లుకు పోయినాయన్నారు. తిరిగి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాను. మిగిలింది చిన్న పెట్టె. దాంట్లో మారినవి మాత్రమే ఉంటాయి. గోవిందమ్మది మారలేదు. ఆ లెక్క ఎవరూ నాకు చెప్పనవసరం లేదు.

టీచరమ్మకు కబురు పోయింది. వచ్చి వాసంతి పక్కన కుర్చీలో కూర్చునింది. వాసంతి చిన్న పెట్టెలోంచి ఒక్కొక్క ఫ్లాపీ పెట్టి, వచ్చిన పేరు చదివింది.

"అమ్మాసి."

టీచరమ్మ నవ్వింది. "ఆ జగడాలమారి మిగిలిందా! ఏసయ్యా, నాతో ఇంకా కొట్లాడాలని ఉంది దానికి." నవ్వుతానే కళ్ళద్దాలు తీసి తుడుచుకునింది.

పేర్లు వస్తా ఉన్నాయి. అడ్డం చెప్పినవాళ్ళు, కసిరినవాళ్ళు, ఇది నాది కాదు మా అత్తదని గొడవ పెట్టినవాళ్ళు, అందరూ వచ్చినారు. తప్పు ఉన్నవన్నీ నిలిచినాయి. సరిగా ఉందని తల ఊపినవాళ్ళు ఒక్కరూ రాలేదు. నాకు అది కొట్టొచ్చినట్టు కనపడింది. మిగతావాళ్ళు గమనించినారో లేదో.

"తాతా, ఇట్లా రా" అనింది వాసంతి.

నేను లేవలేదు.

"తాతా, గోవిందమ్మ ఫైలు."

"అది ఉండదమ్మా. ఆమె ఏమీ దిద్దలేదు. నేను పక్కనే ఉన్నా."

"దిద్దించింది. ఆని నెలలో, జ్వరం రాకముందు. నువ్వు కాగితానికి ప్యారీస్ బజారుకు పోయినావు చూడు, ఆ రోజు వచ్చింది. ఈ స్టూలు మీదే కూర్చునింది. చివర ఒక చరణం విడిచిపెట్టినాను, చేర్చమ్మా అనింది. తాతకు చెప్పేదా అంటే, వద్దులే, పుస్తకంలో చూసుకుంటాడు అనింది."

నేను పోయి ఆమె వెనక నిలబడినాను. తెర మీద అక్షరాలు నాకు ఆనలేదు. చదవమన్నాను. వాసంతి సున్నం దంచే పాట మొదటినుంచి చదివింది. నాకు తెలిసిన పాటే. చివరికి వచ్చి గొంతు తగ్గించింది.

"దంచింది చాలునే దాసమ్మా, రోకలి దించవే,
చిన్నపొన్ను పండుకుంది, చప్పుడు సేయకే."

చిన్నపొన్ను మా పిల్ల. గోవిందమ్మ ఆ పిల్లను రోలు పక్కన గోనెపట్టా మీద పండుకోబెట్టి దంచేది. నడక వచ్చిన ఏడు పోయింది. పోయినాక ఆ పేరు మా ఇంట్లో ఎత్తలేదు. ఆమె ఎత్తలేదని నేను ఎత్తలేదు. నేను ఎత్తలేదని ఆమె ఎత్తలేదేమో.

"చిన్నపొన్ను ఎవరు తాతా?"

"మా పిల్ల" అన్నాను.

టీచరమ్మ నా చెయ్యి పట్టుకునింది. వాసవాంబ మూలన కూర్చొని ఏడుస్తా ఉంది. ఆమె దగ్గరికి పోయి, "లెయ్యమ్మా, అయిందేదో అయింది" అన్నాను.

తర్వాత టీచరమ్మా నేనూ కలిసి తిరిగినాము. పోయిన ఫైళ్ళవాళ్ళలో బతికున్నవాళ్ళు మళ్ళీ పాడినారు. కొందరికి సగమే గుర్తుంది. చనిపోయినవాళ్ళ పాటలు ఇంక లేవు. వాళ్ళకేం చేద్దామని వెంకట్రామ్ అడిగితే, "పేరు వేసి కింద ఖాళీగా వదులప్పా. వాళ్ళు పాడినారని తెలియాల గదా" అనింది టీచరమ్మ. అట్లాగే వేసినాము. అవి కూర్చేటప్పుడు వాసంతి అడగకుండానే నేను పక్కన నిలబడి ఒక్కొక్క పేరూ సరిచూసినాను.

కొత్తగా ఫుల్ తీసినారు. ఈసారి రెండు సెట్లు. ఒకటి వాసవాంబ ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టినారు, నగల పక్కన. పెట్టె మూతకు బయట బొట్టు పెట్టింది ఆమె. మూత తియ్యలేదు.

చిన్న పెట్టెలోవి ఇంక అక్కర్లేదు, అన్నీ పెద్దదాంట్లోకి వచ్చేసినాయి, తుడవాలి అనింది వాసంతి. తుడవకుండా నా మొహం చూస్తా ఉంది.

"గోవిందమ్మ ఫ్లాపీ నువ్వు పెట్టుకుంటావా తాతా?"

మా ఇంట్లో దాన్ని చదివే మిషను లేదు. పెట్టుకొని ఏం చేసేది?

"కొత్త పెట్టెలోంచి ఆమె ఫైలు తియ్యమ్మా" అన్నాను.

తీసింది.

"చివర చదువు."

చదివింది. చిన్నపొన్ను పేరు ఉంది.

"రెండో సెట్టులో?"

వాసవాంబ ఇంటికి మనిషిని పంపి ఆ పెట్టె తెప్పించి, దాన్నీ తెరిచి చదివింది. ఉంది.

"ఇప్పుడు తుడువు" అన్నాను.

తుడిచింది. మీద అంటించిన గోవిందమ్మ పేరు చీటీ నేను నీళ్ళు తడిపి నిదానంగా తీసినాను. ఇంకెవరిదో పెళ్ళిపత్రిక పని వచ్చి ఉంది. ఆ పెళ్ళివాళ్ళ పేరు రాసిన చీటీ ఆ ఫ్లాపీ మీద అంటించి వాసంతికి ఇచ్చినాను.