మూసిన మేఘం

సుమయ్య కొరమీను ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తుండగా నెత్తిమీద ఫ్యాను ఆగింది. ఏలూరులో కరెంటు పోవడం వింత కాదు. ఇన్వర్టరు అందుకోకపోవడమే వింత. పసుపు చేతులతోనే వెనక గదికి పరుగెత్తింది. కంప్యూటరు తెర నల్లబడి ఉంది. మధ్యలో దాచుకునే వీలులేని ముప్పైయొక్క గంటల గణన గాలిలో కలిసిపోయింది. మెట్ల కింద బ్యాటరీ ఉండవలసిన చోట దుమ్ము లేని నలుచదరపు నేల మాత్రం మిగిలింది.

“వసీమ్ పొద్దున్నే పట్టుకెళ్ళాడమ్మా. కలిదిండిలో బంగార్రాజుగారి చేపల చెరువు గట్టు మీద కెమెరాలు ఆగిపోయాయంట,” అంది అత్తగారు బీబీ. ఆపైన ఓదార్పుగానే, “ముక్కలకి ఈగలు ముసురుతాయి, మూత పెట్టు,” అంది.

వసీమ్‌ది ఇన్వర్టర్ల దుకాణం. బ్యాటరీ పాడైన వారికి, అది బాగయ్యేదాకా స్టాండ్‌బైగా మరొకటి ఇచ్చి, ఎర్రట్ట పుస్తకంలో రాయడం అక్కడి ఆచారం. పుస్తకంలోకి ఎక్కిన బ్యాటరీని, తీసుకున్నవారు తిరిగిచ్చేదాకా, యజమాని సైతం ముట్టరాదన్నది మామగారు అబ్దుల్ జబ్బార్ పెట్టిన నియమం. ఆయన పోయినా నియమం పోలేదు. ఇంటి బ్యాటరీ మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

వట్లూరు కళాశాలలో పాఠాలు చెప్పి, ఇంటికి వచ్చి వండి వార్చి, మిగిలిన వేళల్లో సుమయ్య చేసే పరిశోధన ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. మహా వేడిమిగల ఒక భారీ నక్షత్రం తన చుట్టూ ఉన్న వాయుమేఘంలోని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతూ తన కాంతిని ఎంత దూరం పంపగలదు? మేఘాన్ని పొరలుగా విడదీసి, ఏ పొర దాటాక ఎంత కాంతి మిగిలిందో కంప్యూటరు లెక్కిస్తుంది. ఆమె వ్యాసాన్ని పరిశోధనా పత్రిక తరఫున చదివిన పరిశీలకుడు ఒక్కటే అడిగాడు: ఆకాశంలోని మేఘం నుంచి కాంతి బయటపడుతోంది, మీ నమూనాలో అంతా లోపలే ఇంకిపోతోంది, మూసిన మేఘాన్నే ఎందుకు ఎంచుకున్నారు? సోమవారంలోగా జవాబు పంపకపోతే వ్యాసం తిరిగివస్తుంది.

శాస్త్రీయమైన కారణం కోసం ఆమె వారం రోజులు వెదికింది. ఇప్పుడు నల్లని తెర ముందు అసలు కారణం తోచింది. కాంతి బయటపడేలా చిల్లులున్న మేఘానికి యాభై గంటలు కావాలి; నిన్న తెల్లవారుజామున మొదలుపెట్టి ఇప్పుడు పోగొట్టుకున్నది ఆ లెక్కనే. రెండేళ్ళ క్రితం, రాత్రి గిన్నెలు కడగడానికీ తెల్లవారి పాలు కాచడానికీ మధ్య లెక్క ముగిసే మేఘం కోసం వెదికి, దాన్ని తన చేతులతోనే మూసింది.

జుమా నమాజు ముగించుకుని భోజనానికి వచ్చిన వసీమ్ కోప్పడలేదు, నవ్వాడు. “ఆ నక్షత్రం లక్షల ఏళ్ళుగా మండుతోందన్నావు కదా! రెండ్రోజులు ఆగితే చల్లారిపోద్దా?” బంగార్రాజుగారు పాత ఖాతాదారనీ, ఇంట్లోవాళ్ళే సర్దుకోవాలనీ నచ్చజెప్పాడు. సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి ఒక స్టాండ్‌బై తిరిగివస్తుందట. దాన్ని మండవల్లిలో మరెవరికో ఇస్తానని మాటిచ్చాడట. పులుసు బాగుందని మరో ముక్క వేయించుకున్నాడు.

సాయంత్రం ఐదింటికి ఆమె ఆటో ఎక్కి దుకాణానికి వెళ్ళింది. తిరిగివచ్చిన బ్యాటరీ గుమ్మంలోనే ఉంది. బల్లమీది ఎర్రట్ట పుస్తకం తెరిచి కలం తీసుకుంది.

“ఇంట్లోవాళ్ళకి పుస్తకమేంటి సుమయ్యా?” వసీమ్ గొంతు తగ్గించాడు. ఎదురుగా ఇద్దరు ఖాతాదారులు కూర్చుని ఉన్నారు.

“లేకపోబట్టే కదండీ, ఇది రాస్తున్నాను.”

పేరు రాసింది. చిరునామా గడిలో తన ఇంటి నంబరే రాసింది. ఆ ఇంట్లో తన పనికి విలువ దక్కాలంటే తాను ఆ ఇంటికి బయటి మనిషి కావలసి వచ్చింది. చివరి గడి దగ్గర వసీమ్ వేలు పెట్టాడు. “తిరిగి ఎప్పుడిస్తావో రాయి మరి.”

“బంగార్రాజుగారిని అడిగారాండీ ఆ మాట?”

ఆ గడిని ఖాళీగానే వదిలి, బ్యాటరీని ఆటోలోకి ఎక్కించమంది.