నా వంతు పాఠం

ముందే చెప్తున్నా, నన్ను మంచిదాన్ని అనుకుని ఈ కథ వినకండి. చివర్లో ఎలాగూ నన్నే తిడతారు. ఆ తిట్టేదేదో తీరిగ్గా తిట్టుకోండి.

మేం ముగ్గురం. నేను, పిచ్చుక, తాత. పిచ్చుక పిడికెడు మనిషి, నోరు మాత్రం బారెడు. తాతకి పదిహేడేళ్ళే. మోకాళ్ళు లాగుతున్నాయని, చలిగాలి పడదని పొద్దస్తమానం మూలుగుతాడు కాబట్టి ఆ పేరు పెట్టాం. నన్ను వాళ్ళిద్దరూ మాస్టారమ్మా అనేవాళ్ళు. అందులో సగం వెక్కిరింత, సగం నిజం.

మా బడిలో కెమిస్ట్రీకి మామూలు పరీక్ష కాక పైస్థాయి పేపరు ఒకటి ఉండేది. ఎవరు పడితే వాళ్ళు రాయరు. అందులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చిన ఒక్కరిని, ఒక్కరంటే ఒక్కరినే, మందుల కంపెనీ వాళ్ళు తమ ల్యాబులో పెట్టుకుని కాలేజీ చదువంతా చెప్పిస్తారు. ఆ సీటు రాకపోతే నా సంగతి అప్పటికే తేలిపోయింది. అమ్మ కుట్టు మిషను పక్కన ఇంకో మిషను వేసి ఉంచింది. "ఊరికే వేశానే, అవసరం పడితే ఉంటుందని" అనేది. నాకు ఆ మిషన్ని చూస్తే ఒళ్ళు మండిపోయేది.

పిచ్చుక సంగతీ అంతే. వాళ్ళ నాన్న బట్టలకి రంగులద్దే షెడ్డులో పనివాడు. ఆయన చేతులు మోచేతులదాకా నీలంగా ఉండేవి, ఎంత తోమినా పోవు. సీటు రాకపోతే అదే షెడ్డులో మడతలు పెట్టే పనికి పిచ్చుక వెళ్ళాలి. మేస్త్రీతో మాట కూడా అయిపోయింది.

ఆ పేపరుకి బడి పుస్తకం చాలదు. లావుపాటి పుస్తకం ఒకటుంది, దిండుకి బదులు వేసుకోవచ్చు. ముగ్గురం కలిసి పాతది ఒకటి కొన్నాం. ఒక పుస్తకం ముగ్గురెలా చదువుతారు? పిచ్చుకే ఉపాయం చెప్పింది. వాళ్ళ నాన్న దగ్గర గుడ్డలు కోసే కత్తి తెచ్చి, పుస్తకం వెన్ను మీద రెండు గాట్లు పెట్టి మూడు ముక్కలు చేసింది. తాత అయితే తన పీకే కోసినట్టు "అయ్యో అయ్యో" అని కళ్ళు మూసుకున్నాడు. తలా ఒక ముక్క. ఎవరి ముక్క వాళ్ళు చదివి మిగతా ఇద్దరికీ పాఠం చెప్పాలి. చెప్పింది తిరిగి అప్పజెప్పేదాకా ఎవ్వరూ కదలకూడదు.

పిచ్చుక వాళ్ళింటి వెనక గదిలో కూర్చునేవాళ్ళం. ఖాళీ రంగు డబ్బాలు బోర్లించి వాటి మీద కూర్చోవడం, గోడ మీద సుద్దముక్కతో రాయడం. లేచేసరికి ఒకడి వెనక ఎరుపు, ఒకదాని వెనక పచ్చ. ఒకరి వెనక ఒకరు చూసుకుని పడీపడీ నవ్వుకునేవాళ్ళం. పిచ్చుక వాళ్ళమ్మని నేను పిన్నీ అనేదాన్ని. "మా పిల్లకి నువ్వు చెప్తేనే ఎక్కుతుందే తల్లీ" అని ఆవిడ మురిసిపోయేది. నేనూ మురిసేదాన్ని. అబద్ధమెందుకు, పాఠం చెప్తుంటే నాకు గొప్పగా ఉండేది.

నా ముక్కలో బ్యాటరీల పాఠం వచ్చింది. వినండి, అర్థం కానిదేం కాదు. ఒక వైపు జింకు, ఒక వైపు వెండి. ఒక్కోదానికీ ఇన్ని వోల్టులని ఒక విలువ ఇచ్చి ఉంటుంది. జింకు రెండు ఎలక్ట్రాన్లు వదిలితే వెండి ఒక్కటే తీసుకుంటుంది. లెక్క కుదరాలంటే వెండి సమీకరణాన్ని రెండుతో గుణించాలి. అక్కడిదాకా ఎవరైనా చేస్తారు. మరి వోల్టుల్ని కూడా గుణించాలా? అంతకుముందు వేడి లెక్కల్లో గుణించాం. కాబట్టి ఇక్కడా గుణించాల్సిందేనని నా బుర్రతో నేనే తేల్చేశాను. ఆ పేజీ సరిగ్గా చదవనైనా లేదు. చదివే ఖర్మ నాకేంటి, మాస్టారమ్మని కదా!

గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. పిచ్చుక మూడుసార్లు తప్పు లేకుండా అప్పజెప్పింది. తాత గోడకి చేరగిలబడి గుర్రుపెట్టి నిద్రపోయాడు.

తరవాత బడిలో నమూనా పరీక్ష పెట్టారు. బ్యాటరీల లెక్క అందులో రాలేదు. పిచ్చుకకి నాకంటే ఆరు మార్కులు ఎక్కువొచ్చాయి. నేను చెప్పిన పాఠాలే! నేను చెప్తే నేర్చుకున్న మనిషి నన్ను దాటిపోయింది. "అంతా నీ చలవేనే" అని నా మెడ చుట్టూ చేతులేసి ఊపేసింది. నేను నవ్వాను. కడుపులో మంట ఎంత ఉందో నాకే తెలుసు.

పరీక్ష రెండు రోజులుందనగా, మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని నా ముక్క తిరగేస్తున్నాను. ఆ పేజీ వచ్చింది. కింద గీత గీసి మరీ రాసి ఉంది. సమీకరణాన్ని గుణించినా వోల్టుల విలువని గుణించకూడదు. నేను చెప్పిన పద్ధతిలో రెండు పాయింట్ ముప్ఫై ఆరు వస్తుంది, రావాల్సింది ఒకటి పాయింట్ యాభై ఆరు. చెప్పులేసుకుని పిచ్చుక వాళ్ళింటికి పరుగు తీశాను. ఇది నిజం, ఒట్టు. చెప్పడానికే వెళ్ళాను.

పిన్ని గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది. "షెడ్డు మేస్త్రీకి కబురు పెట్టేశామే, మా పిల్ల రాదని. సీటు దానికే వస్తుందని బడిలో అందరూ అంటున్నారటగా" అంది. తరవాత గుర్తొచ్చినట్టు, "నీకూ మంచి మార్కులే వస్తాయిలే అమ్మా" అంది.

నీకూ. ఆ మాట సూదిలా దిగింది.

లోపల పిచ్చుక గోడ ముందు నిలబడి తనలో తను అప్పజెప్పుకుంటోంది. నన్ను చూసి ఎగిరి గంతేసింది. "విను విను మాస్టారమ్మా, నీ బ్యాటరీలు!" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వెండిని రెండుతో గుణించి, వోల్టుల్నీ గుణించి, రెండు పాయింట్ ముప్ఫై ఆరు దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది. "ఒప్పేనా?"

ఒక్క మాట చాలు. కాదే, నేను తప్పు చెప్పానే అంటే అయిపోయేది. దానికి నవ్వొచ్చేది, తాత నెల రోజులు ఏడిపించేవాడు, అంతే కదా. నోరు తెరిచాను. అమ్మ పక్కన వేసి ఉన్న మిషను కళ్ళ ముందు ఆడింది.

"బాగా వచ్చింది" అన్నాను. పిన్ని ఇచ్చిన మంచినీళ్ళు తాగి ఇంటికొచ్చాను.

పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. జింకు, వెండి, ఐదు మార్కులకి. నేను ఒకటి పాయింట్ యాభై ఆరు అని రాశాను. రాసేటప్పుడు చెయ్యి వణికిందని చెప్తే నమ్ముతారేమో గానీ, వణకలేదు.

నాకు ఎనభై ఏడు, పిచ్చుకకి ఎనభై నాలుగు. తాతకి అరవై దాటాయి, ఆ లెక్క మాత్రం వాడిది ఒప్పు. నా పాఠంలో నిద్రపోయాడు కదా, పరీక్ష ముందు భయమేసి వాళ్ళ బావ దగ్గర చెప్పించుకున్నాడట. నిద్రపోయినవాడు బాగుపడ్డాడు, చెవులు రిక్కించి విన్నది మునిగిపోయింది. కెమిస్ట్రీ సారు అందరి ముందూ పిచ్చుక పేపరు తిరగేసి, "ఆ ఒక్క లెక్క వచ్చుంటే సీటు నీదేనమ్మా" అన్నారు. సారు అలా అంటుంటే నేను తేలు కుట్టిన దొంగలా బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాను.

వరండాలో పిచ్చుక దగ్గరికి నేనే వెళ్ళాను. ఏడుస్తుందనుకున్నా. ఏడవడం లేదు, సంచీ పట్టీ ముడి విప్పుతోంది, మళ్ళీ వేస్తోంది.

"ఆ లెక్క నేనే తప్పు చెప్పానే" అన్నాను. ఎంత చెప్పాలనుకున్నానో అందులో సగం కూడా రాలేదు.

"తెలుసే" అంది.

ఎంతదాకా తెలుసో అని దాని మొహంలోకి చూశాను.

"పరీక్ష రోజు పొద్దున గేటు దగ్గర ఎవరో అమ్మాయి పుస్తకం తెరుచుకుని చదువుకుంటోంది. తొంగి చూశాను. గుణించకూడదని ఉంది. పుస్తకంలోనే అచ్చుతప్పు పడిందనుకున్నా. నువ్వు చెప్పింది తప్పెందుకవుతుంది అనుకున్నా."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అది నా భుజం మీద చెయ్యి వేసి, ఓదార్పు నాకే కావాలన్నట్టు నిమిరింది.

"ఊరుకోవే పిచ్చిదానా. నువ్వు మాత్రం తెలిసి చెప్పావా ఏంటి?"

"లేదు" అన్నాను.